ఓడల నిధి కోసం దిబ్బ తీరానికి

మా ఆయన ప్రభుదాస్‌ది కాకినాడ దగ్గర ఉప్పాడ. తుఫాను వెలిసిన మర్నాడు ఆ ఊళ్ళో ఆడా మగా, ముసలీ ముతకా అందరూ దువ్వెనలు, జల్లెడలు పట్టుకుని సముద్రపు ఒడ్డుకు పోతారు. ఎప్పుడో కోతకు కొట్టుకుపోయిన ఇళ్ళలోవో, గుళ్ళలోవో, మునిగిపోయిన ఓడలలోవో, బంగారు రవ్వలు అలలతో వచ్చి నల్ల ఇసుకలో చిక్కుకుంటాయని వాళ్ళ నమ్మకం. ఒట్టి నమ్మకమే కాదు, ఎప్పుడూ ఎవరో ఒకరికి కాస్తయినా దొరుకుతుంది. అలాంటి ఊళ్ళో పుట్టిన మనిషి ఏ సముద్రం ఒడ్డున నడిచినా తల వంచుకునే నడుస్తాడు. పెళ్ళైన కొత్తలో నేను దాన్ని సిగ్గు అనుకున్నాను.

2007లో మేము అబుధాబిలో ఉన్నాం. నేను ఒక ఆసుపత్రిలో నర్సుని. ఆయన ముసఫ్ఫా అవతల ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో, ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. అక్కడ పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతూ తన మెటల్ డిటెక్టర్ని ఈయన చేతిలో పెట్టి పోయాడు. పొడుగాటి కర్ర, కర్ర చివర పళ్ళెం లాంటి చక్రం, పైన చిన్న పెట్టె, చెవులకు తగిలించుకునే ఫోన్లు. భూమిలో లోహం ఉంటే చెవిలో కూత వినిపిస్తుంది. ఏడాది పాటు ప్రతి శుక్రవారం అబుధాబి ఒడ్డంతా ఆ కర్రతో ఊడ్చాడు. కూల్‌డ్రింకు డబ్బాల చెవులు, సీసా మూతలు, కబాబ్ చువ్వలు తప్ప ఏమీ దొరకలేదు. నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు.

ఆ జూన్‌లో గోను తుఫాను వచ్చింది. ఒమాన్‌ని కుదిపేసి, ఎమిరేట్స్ తూర్పు తీరాన్ని కూడా కొట్టి పోయింది. అబుధాబి, దుబాయ్ ఉన్నది లోపలి సముద్రం మీద. ఫుజైరా, ఖోర్ ఫక్కాన్, దిబ్బ మాత్రం కొండలకు అవతల, మన హిందూ మహాసముద్రంతో కలిసే నీటి మీద ఉన్నాయి. పోర్చుగీసు వాళ్ళ నుంచి బొంబాయి సరుకు తెచ్చే చెక్క లాంచీల దాకా ఎన్నో ఓడలు ఆ దారినే పోయాయి, కొన్ని అక్కడే మునిగాయి. తుఫానుకు ఆ ఒడ్డున ఇసుక నిలువున కోసుకుపోయిందని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "తుఫాను వెలిసింది విమలా" అన్నాడు. అంతే. ఎండాకాలం పోయేదాకా ఆగి, అక్టోబరులో రంజాన్ పండుగ సెలవులకు ప్రయాణం కట్టాం.

మా ఇద్దరికీ అక్కడి డ్రైవింగ్ లైసెన్సు లేదు. అందుకని రాజన్నను అడిగాం. జగిత్యాల దగ్గర పల్లెటూరు ఆయనది. ఐకాడ్ క్యాంపులోనే ఉంటూ ఫ్యాక్టరీ బండి నడుపుతాడు. నలభై అయిదు దాటిన మనిషి. నన్ను చెల్లె అనీ మా ఆయన్ని తమ్మీ అనీ పిలుస్తాడు. స్నేహితుడి పాత కరోలా అడిగి తెచ్చాడు. డిక్కీలో డిటెక్టర్ని చూసి, "గిదేంది తమ్మీ, దేనికిది?" అన్నాడు. ఈయన వివరించాడు. రాజన్న శ్రద్ధగా విని, "నేను పదేండ్ల మీదికెళ్ళి దుబాయ్ల ఉంటున్న. ఒక్కపారి గూడ సముద్రంల కాలు వెట్టలే. మీరు దాంట్ల బంగారం దేవులాడుతరా!" అని తల ఊపి బండి తీశాడు. గల్ఫ్ మొత్తం జగిత్యాల వైపు వాళ్ళకు దుబాయే. మాకూ అంతే.

తెల్లవారుజామున బయలుదేరాం. పండుగ మొదటి రోజు కాబట్టి అబుధాబి–దుబాయ్ రోడ్డు ఖాళీ. షార్జా దాటి ధైద్ మీదుగా మసాఫీ వైపు మళ్ళితే ఇసుక దిబ్బలు అయిపోయి, ఒక్క పచ్చటి మొక్క లేని గోధుమరంగు కొండలు మొదలవుతాయి. మసాఫీకి ముందు రోడ్డుకు రెండు వైపులా తివాచీలు, కుండలు, పూల మొక్కలు అమ్మే సంత ఉంది. పేరుకు శుక్రవారం సంత, వారమంతా తెరిచే ఉంటుంది. అక్కడ దిర్హాముకో కప్పు చొప్పున చాయ్ తాగి, నేను చేసి తెచ్చిన దిబ్బరొట్టె తిన్నాం. "దిబ్బకు పోతూ దిబ్బరొట్టె తింటున్నాం" అని ఈయన ఒకటే మురిసిపోయాడు. మసాఫీ దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడికి పోతే ఫుజైరా, ఎడమకు పోతే దిబ్బ. మేము ఎడమకు తిరిగాం. కొండల మధ్య నుంచి మెలికలు తిరిగిన రోడ్డు ఒక్కసారిగా దిగగానే ఎదురుగా నీలం కనిపించింది. అబుధాబి నీళ్ళు చెరువులా లేతగా ఉంటాయి. ఇది అలా కాదు. లోతైన రంగు, పెద్ద అలలు, వెనకాలే సముద్రంలోకి దిగిపోయిన కొండలు. ఆగకుండా వస్తే మూడున్నర గంటల దారి. పెట్రోలుకు అరవై డెబ్బై దిర్హాములయ్యాయి.

దిబ్బ నిజానికి ఒక ఊరు కాదు, మూడు ముక్కలు. ఒకటి ఫుజైరాది, ఒకటి షార్జాది, ఇంకొకటి ఒమాన్‌ది. పండుగకు హోటళ్ళన్నీ నిండిపోయాయి. బజారులో ఒక మలయాళీ కెఫటేరియాలో పరోటా, చేపల వేపుడు తింటూ వంటాయన్ని గది గురించి అడిగితే, పెనం మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే, "ఫ్యామిలీయా? పైన నా మేనల్లుడి గది ఉంది. సొంతూరికి పోయాడు. రోజుకు నూటయాభై" అన్నాడు హిందీలో. మా సంచులు చూశాడు, డిటెక్టర్ని చూశాడు. "నిధికా? దొరికితే అద్దె రెండింతలు" అని నవ్వాడు. మేము మేనల్లుడి గదిలోనూ, రాజన్న కెఫటేరియా కుర్రాళ్ళ దగ్గరా దిగాం.

పండుగ అమావాస్య వెంటనే వస్తుంది కదా, ఆ రోజుల్లో పాటు బాగా తీస్తుంది. మధ్యాహ్నం దాటాక నీళ్ళు వెనక్కి పోయి, మామూలుగా కనిపించని ఒడ్డు బయటపడుతుంది. ఊరికి దక్షిణంగా ఉన్న ఒక చిన్న వంపులోకి వెళ్ళాం. రెండు వైపులా రాతి కొమ్ములు, మధ్యలో బూడిదరంగు ఇసుక, పైన తాటాకులాంటి ఆకులతో కప్పిన పాక, పాక ముందు గుట్టగా వల. ఆ వలను చూడగానే మా ఇద్దరికీ ఇంటికి వచ్చినట్టయింది. ఉప్పాడ వైపు అలివి వల అంటాం. పడవతో సముద్రంలో అర్ధచంద్రాకారంగా వేసి, రెండు కొసలూ ఒడ్డు మీద నుంచి లాగే పెద్ద వల. ఆయన ఫోన్లు చెవులకు తగిలించుకుని ఇంకా నాలుగడుగులు కూడా వేయలేదు, పాకలోంచి తెల్ల గడ్డం ముసలాయన ఒకాయన చేతికర్ర ఊపుతూ వచ్చాడు.

"బస్! ఖలాస్! బంద్ కరో!"

ఆయన పేరు బూ ఖమీస్. అంటే ఖమీస్ తండ్రి అని. ఆ వంపులో వల వేసే హక్కు తాతల నాటి నుంచి వాళ్ళ కుటుంబానిదే. చిన్నప్పుడు లాంచీల మీద బొంబాయి తిరిగిన మనిషి కాబట్టి హిందీ మాకంటే బాగా మాట్లాడతాడు. ఇదివరకు ఇలాంటి యంత్రాలతో ఎవరో వచ్చి, కొండ మొదట్లో పాత సమాధుల దగ్గర తవ్వి పోయారట. "ఇక్కడ నిధి లేదు. ఉన్నది మా పెద్దవాళ్ళ ఎముకలు. యంత్రం బండిలో పెట్టుకుని, సముద్రం చూసుకుని వెళ్ళండి. సముద్రం చూడటానికి ఎవరినీ కాదనను" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. ప్రభుదాస్ ఫోన్లు తీసి, చక్రానికి అంటిన ఇసుక దులిపి, డిటెక్టర్ని తీసుకెళ్ళి డిక్కీలో పెట్టాడు. ఏడాది నుంచి ఎదురుచూసిన ప్రయాణం నిలబడినచోటే అయిపోయింది.

వెంటనే వెళ్ళిపోయేవాళ్ళమే. కానీ పాక నీడలో ఒకడు కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. బంగ్లాదేశ్ మనిషి, హారూన్. మోకాలి కింద లుంగీ గుడ్డ చుట్టి ఉంది, ఆ గుడ్డ పసుపు రంగులోకి తిరిగింది. నర్సులకు సెలవుల్లో కూడా ముక్కు పనిచేస్తుంది. దగ్గరకు వెళ్ళి గుడ్డ విప్పమన్నాను. అతను బూ ఖమీస్ వైపు చూశాడు. ముసలాయన తల ఊపాడు. పిక్క మీద జానెడు పొడుగు గాయం, అంచులు ఉబ్బి, చుట్టూ ఎర్రగా కాలిపోతోంది. బండిలోని మందుల సంచి తెప్పించి, కాచిన నీళ్ళు అడిగి, శుభ్రం చేసి కట్టుకట్టాను. "దేనికి కోసుకుంది?" అంటే, "పానీ కే అందర్ లోహా" అన్నాడు. నీళ్ళ కింద ఇనుము. తుప్పు పట్టిన ఇనుమని వినగానే నేను లేచి నిలబడ్డాను. "ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి. ధనుర్వాతం సూది పడాలి. రేపు, ఎల్లుండి అంటే కుదరదు." రాజన్న అడగకుండానే తాళం చేతిలోకి తీసుకున్నాడు. "చలో భాయ్, యల్లా" అని హారూన్‌ని భుజం మీద ఆనించుకుని బండి ఎక్కించాడు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆ మధ్యలో బూ ఖమీస్ మాకు ఖర్జూరం పళ్ళు, గహ్వా అనే అరబ్బీ కాఫీ పెట్టి సంగతంతా చెప్పాడు. తుఫాను వచ్చి పోయిన దగ్గర నుంచి ఆ వంపులో నీటి అడుగున ఏదో లేచింది. వల లాగిన ప్రతిసారీ అక్కడ పట్టుకుంటోంది. సీజను మొదట్లోనే రెండుసార్లు చిరిగింది. రెండోసారి విడిపించడానికి మునిగిన హారూన్ కాలు చీల్చుకున్నాడు. నీళ్ళు ఎప్పుడూ కలకగానే ఉంటాయి, పైగా ఇసుక రోజుకోచోటికి జరుగుతుంది, అదెక్కడుందో కళ్ళకు కనిపించదు. "కొడుకులు అబుధాబిలో ఆఫీసుల్లో ఉన్నారు. వల అమ్మేయమంటున్నారు. ఇంకొక్కసారి చిరిగితే అమ్మేస్తాను, ఈ ఎనిమిది మందినీ వాళ్ళ దేశాలకు పంపేస్తాను" అన్నాడు. పాక వెనక కూర్చున్న ఆ ఎనిమిది మంది పనివాళ్ళూ చిరిగిన వల ముక్కలు కుట్టుకుంటున్నారు, ఎవరూ తల ఎత్తలేదు. గుక్క గహ్వా తాగి, ముసలాయన మా ఆయన వైపు తిరిగాడు. "నీ మషీను నీళ్ళలో పనిచేస్తుందా?"

ప్రభుదాస్ ముఖంలో వెలుగు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. "చక్రం మునిగినా పర్వాలేదు. పెట్టె మాత్రం తడవకూడదు" అన్నాడు.

మర్నాడు పాటు తీసే వేళకు నీళ్ళలోకి దిగాం. ఉప్పునీళ్ళలో డిటెక్టర్ ఊరికే గోలపెడుతుంది, నీళ్ళనే లోహమనుకుంటుంది. ఆయన మీట తగ్గించి తగ్గించి ఆ గోలని అణిచాడు. పెట్టెని కర్ర నుంచి విప్పితే తీగ కాస్త పొడుగు ఉంది. అందుకని ఒక పద్ధతి ఆలోచించాం. ఆయన ముందు చక్రం తిప్పుతూ నడుస్తాడు, నేను వెనకాలే పెట్టెని నెత్తికి ఎత్తి పట్టుకుని నడుస్తాను. సల్వారు కమీజు నీళ్ళకు బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటోంది. ఒడ్డు మీద నుంచి బూ ఖమీస్ చేతికర్రతో దారి చూపిస్తున్నాడు. మసీదు మినారు, దాని వెనక కొండ నెత్తి ఒకే గీత మీదకు రావాలి. వల పట్టుకున్నది ఆ గీత మీదే ఎక్కడో. ఉప్పాడలో మా మామగారు కూడా తాటిచెట్టునూ చర్చి గోపురాన్నీ అలాగే గీత కలిపి చేపల చోటు పట్టేవారని ఈయన ఎప్పుడూ చెబుతుంటాడు.

మోకాలి లోతులో గేలాల సీసం, విరిగిన కొక్కెం తగిలాయి. నడుం లోతులో ఏమీ లేదు. ఇంకాస్త లోపలికి వెళ్ళాం. అలలు నా భుజాల దాకా వస్తున్నాయి. పనివాళ్ళంతా పడవను సరిచేస్తూ అవతలి రాతికొమ్ము దగ్గర ఉన్నారు. ఇవతల ఒడ్డున ముసలాయన కాక రాజన్న ఒక్కడే, తడి ఇసుకకు రెండడుగుల దూరంలో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు.

"ఆగు!" అన్నాడు ఈయన. చక్రం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఫోన్లు తీసి నా చెవికి ఆనించాడు. నేను అంతవరకు విన్నవన్నీ పిచ్చుక కూతలు. ఇది అలా లేదు. ఆగకుండా, లావుగా, ఓడ కూతలా మోగింది. ఆయన కాలితో అడుగున తడిమి, "ఉంది విమలా, నా కాలి కిందే ఉంది!" అని అరిచాడు. ఆ అరుపులో ఇద్దరం వెనక వస్తున్న అలను చూసుకోలేదు. అది మా నెత్తిన పడింది. ఆయన పడిపోతుంటే పెట్టె వదిలేసి ఆయన చొక్కా పట్టుకున్నాను. లేచి ఊపిరి తీసుకునేసరికి పెట్టె నీళ్ళలో ఉంది. ఫోన్లలో చిటపటమని ఒక్క శబ్దం, తర్వాత ఏమీ లేదు. డిటెక్టర్ చచ్చిపోయింది.

ఆయన మాత్రం కదల్లేదు. కుడికాలు అలాగే ఆ ఇనుము మీద బిగబట్టి నిలబడ్డాడు. "కాలు తీస్తే మళ్ళీ దొరకదు. మషీను లేదింక. గెడ కావాలి, గెడ గుచ్చాలి!" నేను ఒడ్డుకు వెళ్ళి గెడ తెచ్చేలోపు ఆయన ఆ అలలకు ఆగడు. గట్టిగా కేకేశాను. "రాజన్నా! గెడ!"

పాక పక్కన పడవ నడిపే పొడుగాటి గెడ వాల్చి ఉంది. రాజన్న దాన్ని తీసుకుని నీటి అంచుదాకా పరుగెత్తి ఆగిపోయాడు. చిన్న అల వచ్చి అతని వేళ్ళను తాకింది. వెనక్కి ఎగిరాడు. "చెల్లే, నాకు ఈత రాదే!" అని అరిచాడు. "నిలబడితే చాలన్నా, లోతు లేదు, మెల్లగా రా!" అన్నాను. రాజన్న ఒకసారి ఆకాశం వైపు చూసి, "ఎల్లమ్మ తల్లీ" అని, కళ్ళు మూసుకుని నడవడం మొదలుపెట్టాడు. నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. గెడని గుండెకు అదుముకుని, ఒక్కో అలకు ఒక్కో కేక పెడుతూ, నా గొంతు వినిపించిన వైపు నడిచి వచ్చాడు. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయి దగ్గుతూనే, "ఏడ గుచ్చాలె? జల్ది చెప్పు తమ్మీ, జల్ది!" అన్నాడు. ముగ్గురం కలిసి గెడని ఇసుకలోకి దించాం. అది ఇనుముకు తగిలి ఖంగున మోగింది. ఒడ్డు మీద బూ ఖమీస్ చేతికర్ర పారేసి రెండు చేతులూ పైకెత్తాడు.

పనివాళ్ళు వచ్చి మునిగి తాడు కట్టారు. ముసలాయన ల్యాండ్ క్రూజర్‌కు తాడు తగిలించి లాగితే మొదటిసారి తాడు తెగింది. రెండోసారి రెండు తాళ్ళు పేని, అందరూ ఒక పక్క చేత్తో పట్టి, యల్లా యల్లా అని అరుస్తుంటే, నీళ్ళు మరిగినట్టు బుడగలు తేలి, బురదలోంచి నల్లటి ఆకారం కదిలింది. నాలుగు కొక్కేల లంగరు. మనిషంత ఎత్తు. దానికి చుట్టుకుని ముద్దకట్టిన గొలుసు, గొలుసులో ఇరుక్కుపోయిన చెక్క ముక్క. దాన్ని ఒడ్డుకు చేర్చారు. తుప్పు, గవ్వలు కలిసిన ఆ ముద్ద మీద నీళ్ళు కారుతున్నాయి.

బూ ఖమీస్ దాని ముందు చతికిలబడి కూర్చున్నాడు. తను చిన్నపిల్లవాడిగా ఉండగా బొంబాయి నుంచి వస్తున్న ఒక లాంచీ ఈ వంపు ముందే గాలివానకు మునిగిందట. ఊరంతా ఒడ్డున నిలబడి చూశారట. ముగ్గురిని బయటికి లాగారు, మిగతావాళ్ళు దొరకలేదు. "ఇది దానిదేనా?" అని అడిగాను. "అల్లాకు తెలుసు. సముద్రంలో లంగర్లు ఎన్నో" అన్నాడు. గొలుసు ముద్దని గోళ్ళతో గీకుతూ మాట్లాడుతున్నవాడు ఆగి, చిన్న పెళ్ళ ఒకటి ఊడదీశాడు. అందులో పచ్చగా చిలుం పట్టిన రాగి బిళ్ళ ఉంది. ఇసుకతో రుద్దితే కిరీటం పెట్టుకున్న తల కనిపించింది. మన కాణీ. బ్రిటిషు రాజు బొమ్మ ఉన్న ఇండియా రాగి డబ్బు.

ముసలాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని నవ్వాడు. అప్పటిదాకా ఆయన నవ్వడం మేము చూడలేదు. "మా చిన్నప్పుడు ఇక్కడ దిర్హాము ఎక్కడిది? అంతా మీ రూపాయే, మీ అణాలే. మా అమ్మ ఇలాంటిది ఒకటి ఇచ్చి పంపితే దుకాణంలో బెల్లం ఇచ్చేవాడు" అన్నాడు. పనివాళ్ళంతా మూగి చూశారు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి, చివరికి తన పొడుగు తెల్ల అంగీ, కందూరా జేబులో వేసుకుని, వల సంగతి చూడటానికి లేచి వెళ్ళిపోయాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఉప్పాడ ఒడ్డు నుంచి దిబ్బ ఒడ్డు దాకా ఆయన తల వంచుకుని వెతికినది సరిగ్గా అలాంటి బిళ్ళే. "అడగండి. దొరికింది మీవల్లే కదా. కాదనడు" అన్నాను మెల్లగా. ఆయన చొక్కా పిండుకుంటూ, "అది చేతిలో ఉన్నప్పుడు ఆయన మొహం చూశావా నువ్వు?" అన్నాడు. అడగలేదు. నేనూ మళ్ళీ ఎత్తలేదు. లంగరు సంగతి మాత్రం బూ ఖమీస్ మున్సిపాలిటీ వాళ్ళకు కబురు చేశాడు. పాతవస్తువులు దొరికితే చెప్పాలట. వాళ్ళు వచ్చి చూసేదాకా దాన్ని పాక పక్కన ఉంచాడు.

మూడోరోజు పొద్దున్నే తిరుగు ప్రయాణం కావాలి. కానీ వల వేస్తున్నారని తెలిసి వెళ్ళకుండా ఉండలేకపోయాం. పడవ వంపు చుట్టూ తిరిగి వల దించింది. రెండు కొసలూ ఒడ్డుకు చేరాయి. ల్యాండ్ క్రూజర్లు మెల్లగా లాగుతుంటే, తాళ్ళ పక్కన మనుషులు నడుం లోతులో నిలబడి సర్దుతున్నారు. మా ఆయన వాళ్ళలో ఒకడు. ఇంకొకడు రాజన్న. ఎవరూ పిలవలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తర్వాత మడిచి లాభం లేదని తెలిసి అలాగే దిగాడు. వల ఆ చోటికి దగ్గర పడింది. కట్టు కాలితో పాకలో కూర్చున్న హారూన్ సగం లేచాడు. బూ ఖమీస్ పెదవులు కదులుతున్నాయి. తాడు ఒకసారి బిగుసుకుంది. తర్వాత వదులైంది. వల సాఫీగా దాటి వచ్చేసింది. వెంటనే నీళ్ళంతా వెండిరంగులో ఎగిసిపడ్డాయి. కవళ్ళు, సముద్రపు చిన్న చేపలు. బుట్టలు బుట్టలు. రాజన్న చంకల కింద నుంచి చేపలు ఎగురుతుంటే, "ఓ చెల్లే, గివన్ని మనయేనా?" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. ముసలాయన ఆ అరుపుకు అర్థం అడిగి తెలుసుకుని, "మీవే, మీవే" అని ఒక ఐసు పెట్టె నిండా పోయించాడు. వల అమ్మకం మాట ఇక ఎవరూ ఎత్తలేదు. కట్టు విప్పి చూశాను. హారూన్ గాయం చుట్టూ ఎరుపు తగ్గింది.

అబుధాబి ఆసుపత్రి కిటికీలోంచి సముద్రం రోజూ కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ దాన్ని ఇటునుంచి ఇంటికి ఎంత దూరమో కొలిచే గీతలాగే చూశాను. ఇక్కడికి మనం కొత్తగా బతుకుతెరువుకు వచ్చామని అనుకుంటాం. చమురు రాకముందే మన రాగి డబ్బు ఇక్కడి పిల్లలకు బెల్లం కొనిపెట్టిందని, వీళ్ళ నావికులు మన ఓడరేవుల్లో మన భాషలు నేర్చుకున్నారని నేను పుస్తకంలో చదివి ఉంటే తల ఊపి మరిచిపోయేదాన్ని. నీళ్ళు కారుతున్న లంగరు ముందు కూర్చుని విన్నాను కాబట్టి మరిచిపోలేను. ఆ తీరం అందం ఎంత చెప్పినా తక్కువే. కొండలు, ఆ నీలం, పొద్దుటిపూట వల మీద వాలే పక్షులు. కానీ నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తున్నది, పరాయివాళ్ళకు తలుపు మూసి, మళ్ళీ తనే తెరిచిన ఆ ముసలాయన.

మీలో ఎవరైనా డిటెక్టర్ పట్టుకుని ఆ వైపు వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. ఒడ్డున వల కనిపిస్తే, డిక్కీ తెరవకముందే వలవాళ్ళ దగ్గరకు వెళ్ళి సలాం చెప్పి అడగండి. వాళ్ళు వద్దంటే ఇంకో ఒడ్డు చూసుకోండి. రమ్మంటే మాత్రం తడవడానికి ఒక జత పాత బట్టలు వెంట ఉంచుకోండి, అక్కడ ఎవరినీ ఒడ్డున నిలబడి చూడనివ్వరు.